చెరిపేసిన గడి గురించి

చిన్నీ,

నిన్న రాత్రి నువ్వు పడుకున్నాక నీ హైస్కూల్ నాలుగేళ్ళ కోర్సుల ఫారం చూశాను. టేబుల్ మీదే ఉంది కాబట్టి చూశాను, నీ బ్యాగ్ తెరవలేదు. తొమ్మిదో తరగతి వరసలో చివరి గడిలో ముందు ‘సిరామిక్స్’ (మట్టి పని) అని రాసి, చెరిపేసి, దాని మీద ‘కంప్యూటర్ సైన్స్’ అని రాశావు. ఎంత గట్టిగా చెరిపావో, అక్కడ కాగితం పలచబడిపోయింది. దాని గురించి నీతో మాట్లాడాలి. ఎదురుగా కూర్చుంటే రెండు మాటలకే నీకు విసుగొస్తుంది, నాకు గొంతు పెరుగుతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క. మీ స్కూల్లో రోజుకు ఏడు పీరియడ్లు, అంటే ఏడాదికి ఏడు కోర్సులు. నాలుగేళ్ళకు 28 గడులు. ఇంగ్లిష్ నాలుగేళ్ళూ ఉండాల్సిందే. లెక్కలు నాలుగు, సైన్సు నాలుగు అనుకో. సోషల్ మూడు, స్పానిష్ మూడు, పీఈ (వ్యాయామం), హెల్త్ కలిపి రెండు, ఆర్ట్స్ ఒకటి. మొత్తం 21. ఇక మిగిలేవి ఏడు. హైస్కూల్ మొత్తంలో నీ ఇష్టానికి వదిలేసినవి ఏడంటే ఏడు గడులు. ఈ లెక్క వేసేదాకా నాకూ తెలియలేదు. అందుకే ఆ చెరిపిన గడి చిన్న విషయంగా అనిపించలేదు.

ఇప్పుడు లెక్కల సంగతి. నువ్వు ఎనిమిదిలోనే ఆల్జీబ్రా 1 చేసేశావు. కాబట్టి తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా 2, పదకొండులో ప్రీకాల్కులస్, పన్నెండులో కాల్కులస్. ఏడాదికి ఒక్కో మెట్టు, తొందర లేకుండా సరిపోతుంది. మీ క్లాసులో ఇద్దరు ముగ్గురు ఈ వేసవిలోనే జామెట్రీ పూర్తి చేసి ఒక ఏడాది ముందుకు వెళ్తున్నారని చెప్పావు. వాళ్ళకు అది సరిపోతుందేమో. నీకు మాత్రం వద్దంటాను. కాల్కులస్‌లో పిల్లలు మార్కులు పోగొట్టుకునేది చాలావరకు కొత్త పాఠంలో కాదు, భిన్నాల్లోనూ, మైనస్ గుర్తుల్లోనూ, ట్రిగనామెట్రీలోనూ. డెరివేటివ్ అంటే ఏమిటో బాగానే అర్థమవుతుంది, కింద రెండు వరసల ఆల్జీబ్రా దగ్గర లెక్క తప్పుతుంది. నీ నోట్సు చూస్తుంటాను కదా, భిన్నాలు వచ్చిన చోటల్లా నువ్వు తొందరపడతావు. ఆ ఆల్జీబ్రా గట్టిపడటానికి నీకు ఈ మూడేళ్ళు కావాలి.

పన్నెండులో కాల్కులస్ తీసుకుంటే ఏపీలో, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సుల్లో, రెండు రకాలున్నాయి. ఏబీ అంటే సుమారుగా కాలేజీలో ఒక సెమిస్టర్ పాఠం, బీసీ అంటే రెండు సెమిస్టర్లది. ఏది తీసుకోవాలో ఇప్పుడే తేల్చక్కర్లేదు, ప్రీకాల్కులస్ ఎలా సాగిందో చూసి అప్పుడు అనుకుందాం. స్టాటిస్టిక్స్‌ని మాత్రం తక్కువగా చూడకు. దానికి ఆల్జీబ్రా 2 వరకు వస్తే చాలు. బయాలజీకి వెళ్ళినా, సైకాలజీకి వెళ్ళినా, ఎకనామిక్స్‌కి వెళ్ళినా రోజూ పనికొస్తుంది. నీ ఏడు గడుల్లో ఒకటి దానికి ఇస్తే నాకు సంతోషం.

సైన్సు వరస కూడా లెక్కల వరస చేతిలోనే ఉంటుంది. ఏపీలో ఫిజిక్స్ 1 ఆల్జీబ్రాతో నడుస్తుంది, ఫిజిక్స్ సీకి కాల్కులస్ కావాలి. అంటే నీ దారిలో ఫిజిక్స్ సీ పన్నెండుకి ముందు కుదరదు. ఏపీ బయాలజీకి ముందు మామూలు బయాలజీ, కెమిస్ట్రీ రెండూ అయి ఉండాలి. అందుకే ఈ ఫారాన్ని అడ్డంగా ఒక్కో ఏడాదీ నింపుకుంటూ పోతే సరిపోదు. ఒక్కో సబ్జెక్టుని నిలువుగా చదవాలి. పన్నెండులో ఏం కావాలో చూసుకుని, దానికి ముందు ఏముండాలో ఒక్కో ఏడాది వెనక్కి రావాలి. రాత్రి నేను అలాగే పన్నెండు నుంచి వెనక్కి వస్తూ చూశాను. పదో తరగతిలో నువ్వు ఖాళీగా వదిలిన కెమిస్ట్రీ గడి అలాగే కనిపించింది. అది నింపు.

స్పానిష్ మధ్యలో ఆపకు. ఒక ఏడాది విడిచిపెట్టి మళ్ళీ మొదలుపెడితే సగం మర్చిపోతావు. మూడేళ్ళు వరసగా చేసేయి.

ఏపీలు ఎన్ని అని అడిగావు. తొమ్మిదిలో వద్దు, పదిలో ఒకటి, ఆ తర్వాత నీ సాయంత్రాలు చూసి చెబుతాను. సాయంత్రాలు అంటే నిజంగా లెక్కబెట్టమంటున్నాను. బరువైన క్లాసు ఒక్కోదానికి రోజుకు గంట చదువు వేసుకో. అలాంటివి నాలుగు పెట్టుకుంటే నాలుగు గంటలు, మిగతా హోంవర్క్ వేరే. ఇంటికొచ్చేది నాలుగున్నరకి. నీకు తొమ్మిది గంటల నిద్ర లేకపోతే మర్నాడు ఎలా ఉంటావో అమ్మకీ నాకూ తెలుసు. ఏపీ పరీక్షలన్నీ మే నెలలోనే వస్తాయి, స్కూల్ చివరి పరీక్షల టెన్షన్ కూడా అప్పుడే. నీ స్నేహితురాలు ఎన్ని తీసుకుంటే అన్ని తీసుకోవాలని లేదు తల్లీ. తన సాయంత్రం వేరు, నీ సాయంత్రం వేరు.

ఇక ఆ గడి సంగతి.

కంప్యూటర్ సైన్స్ నీకు నిజంగా ఇష్టమైతే ఈ మాటలన్నీ పక్కన పెట్టేయి. కానీ మొన్న భోజనాల దగ్గర ‘మట్టి పని నేర్చుకుని ఏం చేస్తావు’ అన్నది నేనే. నువ్వేమీ మాట్లాడలేదు. ఆ తర్వాతే ఆ గడి మారి ఉంటే అది నా తప్పు. క్షమించు. నేను ఆలోచించకుండా అన్నాను.

నాకు పదహారేళ్ళప్పుడు ఒక్క సంతకంతో బయాలజీ ఆగిపోయింది. నాకు ఇష్టమైన సబ్జెక్టు అది. ఇంట్లో పెద్దవాళ్ళు నిర్ణయించారు, నన్ను ఎవరూ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు ఉద్యోగంలో హాస్పిటల్ రికార్డుల పని వచ్చింది. పక్కవాళ్ళు మాట్లాడే సగం మాటలు నాకు అర్థమయ్యేవి కావు. తొమ్మిదో తరగతి బయాలజీ పుస్తకం తెచ్చుకుని రాత్రిళ్ళు చదివాను. కణం బొమ్మ చూస్తుంటే ఎంత ఇష్టంగా ఉండిందో నీకు చెప్పలేను, ఎంత బాధేసిందో కూడా. ఇదంతా తెలిసీ అదే మాట నీతో అన్నాను.

ఫారం మళ్ళీ చూశాక ఇంకో విషయం గమనించాను. సిరామిక్స్ కూడా లెక్కల్లాగే గొలుసు. మీ స్కూల్ కోర్సుల పుస్తకంలో సిరామిక్స్ 1, 2, 3 వరసగా ఉన్నాయి, ఒకటి అయితేనే రెండోది ఇస్తారు. మూడూ అయ్యాక పన్నెండులో ఏపీ త్రీడీ ఆర్ట్ ఉంది. దానికి రాత పరీక్ష లేదు. చేసిన పనులను ఫొటోలు తీసి, ఏ ఆలోచనతో చేశావో రాసి, పోర్ట్‌ఫోలియోగా పంపాలి. తొమ్మిదిలో మొదలుపెడితేనే అక్కడిదాకా చేరతావు. ఒక్క ఏడాది ఆలస్యమైనా ఆ చివరి మెట్టు అందదు. కంప్యూటర్ సైన్స్ అలా కాదు. ఏపీలో కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్ అనే కోర్సుకి ముందు ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, ఆల్జీబ్రా 1 చాలు. పదిలో మొదలుపెట్టు, పదకొండులో మొదలుపెట్టు, ఏమీ పోదు. రెండూ కావాలంటే రెండూ పడతాయి, సిరామిక్స్ ముందు రావాలి, అంతే. సిరామిక్స్ దారిలోని నాలుగు గడుల్లో ఒకటి ఆ తప్పనిసరి ఆర్ట్స్ లెక్కలోకే పోతుంది. అంటే నీ ఏడింట్లో దానికి పోయేవి మూడే.

వేసవి క్యాంపులో నువ్వు చేసిన ఆ వంకర గిన్నె నా డెస్క్ మీదే ఉంది, నీకు తెలుసు. దాని అంచు మూడుసార్లు కూలిపోయిందనీ, నాలుగోసారి నిలిచిందనీ ఆ రోజు కారులో ఇంటికొచ్చేదాకా చెబుతూనే ఉన్నావు. లెక్కల గురించి నువ్వు అంతసేపు మాట్లాడగా నేను వినలేదు.

రేపు స్కూల్ కౌన్సిలర్‌ని కలిసినప్పుడు ఒక్కటి తప్పకుండా అడుగు: సిరామిక్స్ క్లాసు రోజుకు ఒకే పీరియడ్‌లో ఉందా, రెండు మూడు పీరియడ్లలో ఉందా అని. ఒకే పీరియడ్‌లో ఉండి, జామెట్రీ కూడా అప్పుడే పడితే రెండింట్లో ఒకటి పోతుంది. అందుకే జామెట్రీకి వేరే పీరియడ్ దొరుకుతుందేమో ముందే కనుక్కో. కింద ‘రెండో ఎంపిక’ అని ఉన్న గడులు ఖాళీగా వదలకు. మొదటిది దొరక్కపోతే వాళ్ళకు తోచింది వేసేస్తారు. అక్కడ కంప్యూటర్ సైన్స్ రాయొచ్చు.

ఫారం శుక్రవారానికి ఇవ్వాలి. పలచబడిన ఆ గడి వెనక చిన్న టేపు ముక్క అంటించాను, మళ్ళీ రాసినా చిరగదు. పెన్సిల్ చెక్కి పక్కన పెట్టాను. ఏం రాయాలో నీ ఇష్టం. కింద నా సంతకం ఇప్పుడే పెట్టేశాను.

నాన్న