నా చేతికి ఆముదం రాసిన పలాస అప్పకి

పొద్దున్నే పలాస నుంచి ఇంటికొచ్చాను. ఒళ్ళంతా నొప్పులు, అయినా నిద్ర పట్టడం లేదు. సోమవారం నుంచి షూటింగ్. ఈలోగా ఇది రాసేస్తే తప్ప మనసు కుదుటపడదు.

కొత్త సినిమాలో నాది జీడిపిక్కలు కొట్టే ఆవిడ పాత్ర. ఆ పని నాకు కొత్త కాదు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పదిహేనేళ్ళప్పుడు వేసవి సెలవులన్నీ అమ్మ పక్కన కూర్చుని పిక్కలు కొట్టాను. పెంకులో ఉండే జీడి రసం అంటితే చర్మం కాలి, నల్లబడి, పొరలుగా ఊడుతుంది. బడి తెరిచాక కూడా ఆ మచ్చలు పోయేవి కావు. పదో తరగతి నాటకంలో రాణి వేషం నాదే అన్నారు. మాటలన్నీ కంఠతా పట్టాను. తీరా రెండు రోజులుందనగా మాస్టారు నా చేతులు చూసి, "ఈ చేతులతో రాణి ఏంటి?" అని ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు. ఆ రోజు నుంచి చేతులు చున్నీ కింద పెట్టుకోవడం మొదలైంది. మచ్చలు పోయాయి, అలవాటు పోలేదు. "చేతులు బయటికి తియ్యమ్మా" అని ఎంతమంది దర్శకులతో చెప్పించుకున్నానో. ఈ పాత్రకేమో చేతులే ప్రాణం.

అందుకే పలాసలో ఒక షెడ్డులో పన్నెండు రోజులు పనికి కూర్చున్నాను. యజమానికి తప్ప ఎవరికీ నేను నటినని తెలీదు. నా పక్క మిషను అప్పది. మా వైపు అక్కని అప్ప అంటాం. పేరు రాయను, రాయొచ్చా అని అడగలేదు. కాలితో తొక్కుతూ, చేత్తో పిక్క పెడుతూ, లోపలి పప్పు విరగకుండా తీయాలి. విరిగితే ధర పడిపోతుంది. పౌనుకి ఎన్ని పప్పులు తూగితే అదే నంబరు, అంటే నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది. 320 కంటే 240 పెద్దది, 180 ఇంకా పెద్దది. అప్ప పప్పుని వేళ్ళ మధ్య పట్టుకునే నంబరు చెప్పేస్తుంది.

నాలుగో రోజు నా వేళ్ళ సందులు కాలిపోయాయి. ఎవరికీ చెప్పలేదు. చేయి దానంతటదే కొంగు కిందికి వెళ్ళిపోయింది. అప్ప మిషను ఆపేసింది. "ఏటే గుంటా, సెయ్యి దాస్తావేటి? ఇలగ తే" అని లాక్కుంది. ముఖం చిట్లించలేదు. ఒక్కో వేలూ విడదీసి, ఊదుతూ, ఆముదం రాసింది. ఆ చేతిని అంతసేపు ఎవరైనా పట్టుకున్నారా అంటే నాకు గుర్తు లేదు. ఏడుపు ఆపుకోలేకపోయాను. మొగుడు వదిలేస్తే పనికొచ్చాననుకుంది. ఏమీ అడగలేదు. తన చద్దన్నంలో సగం నా ముందు పెట్టి "బేగి తినేయే" అంది.

సాయంత్రం కాటా దగ్గర నా పప్పు కేజీన్నర ఎక్కువ తూగింది. పూట సగం చేయి ఆడని నాకు ఎలా వస్తుంది? తన బేసిన్‌లోది నా దాంట్లో పోసేసింది. అక్కడ కేజీ లెక్కనే కూలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి తన జీడిచెట్లన్నీ కూలిపోతే ఈ షెడ్డుకి వచ్చిన మనిషి ఆవిడ. ఎందుకప్పా అంటే, "నాకేటి, రేపు కొట్టుకుంటాను" అంది.

ఆఖరి రోజు నిజం చెప్పి, కాళ్ళు పట్టుకోబోయాను. "అయితే ఏటి? సెయ్యి కాలినాది నిజమే గదా" అంది. డబ్బు ఇవ్వబోతే గుప్పిట విప్పలేదు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. సినిమాలో నా చేతికి మచ్చలు వేయడానికి ప్రత్యేకంగా ఒక మేకప్ మనిషి ఉన్నారు. ఆ రంగు నా చర్మానికి పడుతుందో లేదో ముందే చూశారు. అక్కడ నిజంగా కాలే చేతులకి ఏముంది? తొడుగులు వేసుకుంటే పని సాగదు, కేజీలు తగ్గుతాయి, కూలి తగ్గుతుంది. అందుకే వేసుకోరు. వేసుకోకపోతే తప్పు వాళ్ళదే అంటారు. నా పదిహేనో ఏట అమ్మ రాసిందీ ఆముదమే, ఇప్పుడు అప్ప రాసిందీ ఆముదమే. మధ్యలో ఇన్నేళ్ళు ఎవరు ఏం చేసినట్టు?

అమ్మా, మా ఆయనా పాపని చూసుకున్నారు. వాళ్ళకి ఇంట్లో చెప్తాను.

పలాస పక్కనే కాశీబుగ్గలో రోజూ చీకటితోనే వచ్చి ఎక్కించుకున్న ఆటో అన్నకి కూడా థ్యాంక్స్. మందుల షాపు అబ్బాయికి కూడా, షట్టర్ వేసేశాక మళ్ళీ తీశాడు. కాటా పట్టే తమ్ముడు అప్ప చేసింది చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు, అతన్ని మర్చిపోయేదాన్ని. రాత్రి రైల్లో నా చేతి కట్టు చూసి కింది బెర్తు ఇచ్చిన పెద్దాయనకి నమస్కారం.

అప్పకి ఫోన్ లేదు. ఆ షెడ్డులవైపు వాళ్ళెవరైనా ఇది చదివితే ఆవిడకి వినిపించండి. ఆముదం సీసా నా బ్యాగులో వచ్చేసింది. షూటింగ్‌కి అక్కడికే వస్తున్నాం, తెచ్చిస్తానని చెప్పండి.