పుండు మానాలంటే పప్పు మానకూడదు

చిరంజీవి శ్రీనుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం. పెరట్లో జామచెట్టు ఈసారి విరగకాసింది, సగం కాయలు చిలకలే కొట్టేస్తున్నాయి. నువ్వు మూడు వారాలుగా ఫోన్ ఎత్తకపోతే పని ఒత్తిడి అనుకున్నాను గానీ, బండి మీద నుంచి పడ్డప్పుడు మోకాలి కింద తగిలిన దెబ్బ నెలన్నర దాటినా మానలేదని మొన్న బాబ్జీ నోరు జారాడు. చీము పడుతుందని పప్పూ గుడ్డూ, షుగరు పెరుగుతుందని రాత్రి అన్నమూ మానేశావట.

నాయనమ్మ తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు నడుము కింద రూపాయి బిళ్ళంత పడకపుండు లేచింది. మీ పెద్దత్తయ్య పథ్యం పేరుతో రెండు నెలలు చారన్నం, కాల్చిన అప్పడం తప్ప పెట్టలేదు. రోజూ కట్టు మారుస్తున్నా పుండు అడుగు పాలిపోయి అలాగే ఉండేది. కట్టు కట్టే నర్సమ్మ ఒకనాడు కంచంలోకి చూసి, "కొత్త కండ చారుతో పడుతుందా అండీ?" అంది. ఆనాటి నుంచి ముద్దపప్పు, పెరుగు మొదలయ్యాయి. గుడ్డు మాత్రం నేనే వీధి అరుగు మీద స్టవ్వు పెట్టి ఉడికించి తినిపించేవాణ్ణి, అత్తయ్య వారం రోజులు నాతో మాట్లాడలేదు. కొన్ని వారాలకు పుండు అడుగున దానిమ్మ గింజల్లా ఎర్రటి కండ పొడుచుకొచ్చింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడమూ అప్పుడే మొదలుపెట్టాం కనుక ఘనతంతా గుడ్డుదే అనను.

చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. కారే పుండు నుంచి మాంసకృత్తులూ పోతాయి. అందుకే పడకపుండ్లున్న, తిండి చాలనివారికి కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు సూచిస్తారు, ఒక గుడ్డులో ఉండేవి ఆరు గ్రాములే. నీకు షుగరు ఉంది కనుక మూత్రపిండాల పరీక్ష చేయించి, ఎంత తినాలో డాక్టరునే అడుగు. కొత్త కండను పట్టి ఉంచే కొల్లాజెన్‌కు సి విటమిన్ కావాలి. 1939లో క్రాండన్ అనే అమెరికా శస్త్రవైద్యుడు ఆ విటమిన్ లేని తిండి తిని తన మీదే ప్రయోగం చేసుకుంటే, ఆరు నెలలకు పెట్టించుకున్న గాటు లోపల మానలేదు, విటమిన్ ఎక్కించాకే మానింది. ఒంట్లో జింకు లోపం లేనప్పుడు ఆ బిళ్ళలు మింగితే మాత్రం ఒరిగేదేమీ లేదు. షుగరు అదుపులో లేకపోతే ఇవేవీ చాలవు, అలాగని పస్తులుండి దాన్ని దించవద్దు. రేపే వెళ్ళి కాలు చూపించుకో.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే కూర్చున్నాను. రాత్రి బస్సులో దోరజామకాయలు పంపుతున్నాను, రోజుకొకటి తిను, ఉప్పూకారం అద్దుకోకు. పుండు సంగతి మీ అమ్మకు చెప్పలేదు. ఇన్ని కాయలు వాడొక్కడికీ ఎందుకని ఇప్పటికి రెండుసార్లు అడిగింది.

మీ నాన్న