గేట్ లాడ్జి కూలేదాకా చూస్తారా? స్కాట్లండ్ సంస్కృతి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మా ఊరి శివార్లలోని పాత ఎస్టేట్ గేట్ లాడ్జి (గేటు దగ్గర కాపలా మనిషి ఉండే చిన్న ఇల్లు) కోసం అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయి ఇలా అందరి ముందూ రాస్తున్నాను. "మీ లేఖ అందింది, సంబంధిత విభాగానికి పంపాం" అన్న జవాబు తప్ప ఇంతవరకూ మాకు దక్కిందేమీ లేదు.

లోపలి బంగళా ఎప్పుడో పోయింది. ఆంగస్‌లో పాన్‌మ్యూర్ హౌస్‌ను 1955లో కూల్చినట్టు మీ దేశంలో ఎన్ని బంగళాలు నేలమట్టమయ్యాయో మీకు నేను చెప్పాలా? ఆ బంగళా ఎలా ఉండేదో చెప్పడానికి మాకు మిగిలింది ఈ లాడ్జి ఒక్కటే. దాని రాయే దీనికీ, మెట్లు మెట్లుగా దిగే ఆ గోడకొప్పులే దీనికీ. ముందుగది మూడు పలకలుగా రోడ్డు వైపు పొడుచుకొచ్చి ఉంటుంది, బండి ఏ దిక్కు నుంచి వచ్చినా కాపలా మనిషికి కనబడేలా. రెండు గదుల ఇంటికి అంత శ్రద్ధ పెట్టారు!

ఇప్పుడు ఆ కిటికీలకు చెక్కలు కొట్టేశారు. చూరు గట్టర్‌లో మొక్కలు మొలిచాయి, నీళ్లు గోడలోకే దిగుతున్నాయి. వెనకటికెవరో సున్నం తీసేసి సిమెంటు పూశారు. ఇసుకరాయిలో దిగిన తడి బయటికి రాలేక, చలికాలం గడ్డకట్టి, రాయి పొరలు పొరలుగా ఊడుతోంది. చేత్తో తాకితే పొడి రాలుతుంది. కప్పుకు వేసింది స్కాట్లండ్‌లోని బాలహులిష్ క్వారీలో తీసిన స్లేటు రాతి పలకలు. ఆ క్వారీ 1955లోనే మూతపడింది. జారి పగిలిన ప్రతి పలకకూ బదులు మరో పాత కప్పు మీద నుంచే రావాలి. ఆలస్యం ఖరీదు అర్థమవుతోందా అండీ?

లిస్టెడ్ భవనమని, అంటే చట్టం రక్షణ ఉన్న పాత కట్టడమని, మాత్రం కాగితం మీద భద్రంగా ఉంది. యజమాని కిటికీ మార్చాలంటే అనుమతి కావాలి, కూలిపోనిస్తే అడిగేవాడు లేడు. లిస్టెడ్ భవనాల 1997 స్కాట్లండ్ చట్టం ప్రకారం స్థానిక సంస్థ మరమ్మతు నోటీసు ఇవ్వొచ్చు, అత్యవసర పనులు తానే చేయించి ఖర్చు యజమాని దగ్గర రాబట్టొచ్చు. ఆ అధికారం వాడమని వాళ్లకు చెప్పండి, డబ్బు లేదంటే ఇవ్వండి. కొత్త ఇంటికి వ్యాట్ సున్నా, పాత ఇంటి మరమ్మతుకు మామూలుగా 20 శాతం. అది లండన్ చేతిలో ఉందని తెలుసు, అయినా మా తరఫున గట్టిగా అడగాల్సింది మీరే కదా!

దయచేసి ఒక్కసారి వచ్చి చూడండి. రాలేకపోతే, చలికాలం ముందే ఆ కప్పు మీద కనీసం ఒక టార్పాలిన్ అయినా కప్పించండి. ఈసారి జవాబులో ఎవరు వస్తారో, ఏ తారీఖున వస్తారో రాయండి.

ఇట్లు,
స్కాట్లండ్‌లో స్థిరపడిన ఒక తెలుగు నివాసి