గైడు పక్కన పెట్టి నాటకం చదివించండి

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి పిల్లలకు షేక్‌స్పియర్ ఎందుకండీ, ఆ టైమ్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పితే రేపు ఉద్యోగానికైనా పనికొస్తుంది కదా అని పేరెంట్స్ మీటింగ్ జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఐసీఎస్ఈ స్కూల్లో ఇంగ్లిష్ చెప్తున్నదాన్ని కాబట్టి ఈ మాటకు జవాబు రాయాలనిపించింది. వాళ్ల కోపంలో న్యాయం ఉంది, మన స్కూళ్లలో లిటరేచర్ పేరుతో జరుగుతున్నది చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అయినా నాటకాన్ని సిలబస్‌లోంచి తీసేయమంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇంతకుముందు షేక్‌స్పియర్ నాటకాల్లో మర్చంట్ ఆఫ్ వెనిస్ ఉండేది, తర్వాత జూలియస్ సీజర్ పెట్టారు. పేపరుకు 80 మార్కులు, ఇంటర్నల్స్‌కు 20. పుస్తకం కొన్న రోజే గైడూ కొంటారు, ఆ తర్వాత పుస్తకం తెరిచే అవసరమే రాదు. సీన్‌కో సారాంశం, పాత్రకో క్యారెక్టర్ స్కెచ్, రాబోయే ప్రశ్నలు, వాటికి జవాబులు అన్నీ గైడులోనే ఉంటాయి. ఆంటొనీ గొప్ప వక్త, సీజర్‌కు ప్రాణస్నేహితుడు అని క్లాసు క్లాసంతా ఒకే వాక్యం రాస్తుంది, కామాతో సహా. దిద్దడం కూడా సులువే కాబట్టి ఎవరూ కాదనరు.

అదే ఆంటొనీ ప్రసంగించే సీన్‌ను పిల్లల చేత గొంతెత్తి చదివించి చూడండి. మూడో అంకం, రెండో సీన్. రోమ్ నాయకుడు సీజర్‌ను కుట్రదారులు పొడిచి చంపాక, ముందు వాళ్లలో ఒకడైన బ్రూటస్ జనం ముందుకు వచ్చి ఎందుకు చంపామో వచనంలో కారణాలు చెప్పి, ఆంటొనీ మాట వినండి అని జనాన్ని అక్కడే ఉంచి వెళ్లిపోతాడు. ఆంటొనీ పద్యంలో అందుకుంటాడు. సీజర్ పైవస్త్రం ఎత్తి పట్టుకుని, ఈ చిరుగు కాషియస్ కత్తిది, ఇది కాస్కాది, ఇదిగో ఇది బ్రూటస్‌ది అని ఒక్కొక్కటీ చూపిస్తాడు. ఇది చదువుతుంటే మా క్లాసులో మామూలుగా నోరు విప్పని అమ్మాయి ఒకతి, "ఆయనకెలా తెలుసు మేడమ్, పొడిచినప్పుడు ఆయన అక్కడ లేడు కదా?" అంది. అందరూ గబగబా పేజీలు వెనక్కి తిప్పారు. నిజమే, హత్యకు ముందే ట్రెబోనియస్ అనే కుట్రదారుడు ఆంటొనీని అక్కణ్ణించి తప్పిస్తాడు. ఏ కత్తి ఎక్కడ దిగిందో అతను చూసే అవకాశమే లేదు. ఏడిపిస్తూనే అల్లి చెప్తున్నాడు, వింటున్న వాళ్లలో ఒక్కరికీ ఆ అనుమానం రాలేదు.

సాహిత్య విమర్శ అంటే ఇదే కదా. పెద్ద పెద్ద సిద్ధాంతాల పేర్లు పదిహేనేళ్ల పిల్లలకు అక్కర్లేదు. ఆ ఒక్క ప్రశ్నతో మిగతా పిల్లలూ వెతకడం మొదలుపెట్టారు. తలా 75 డ్రాక్మాలు (నాణేలు) ఇమ్మని సీజర్ వీలునామాలో రాశాడని జనానికి చదివి వినిపించిన ఆంటొనీయే, నాలుగో అంకం మొదట్లో ఆ వీలునామా తెప్పించండి, పంపకాల్లో ఎక్కడ కోత పెట్టొచ్చో చూద్దాం అంటాడు. ఈలోగా రెచ్చిపోయిన జనం, కుట్రదారుల్లో ఒకడి పేరు ఉన్న పాపానికి సిన్నా అనే కవిని, నేను ఆ సిన్నాను కాదు మొర్రో అంటున్నా వినకుండా చంపేస్తారు. మూడేళ్లలో ఓటు వేయబోయే పిల్లలు ఇది చదవకపోతే ఇంకేం చదవాలి? ఎన్నికల సభల్లో మైకు ముందు జరిగేది ఇక్కడ విడదీసి చూపించినంత స్పష్టంగా సివిక్స్ పాఠంలో నాకు కనిపించలేదు.

ఇదంతా మనకు పరాయి వ్యవహారం అనే వాళ్లకు ఒక మాట. ఈ జూలియస్ సీజర్‌నే వావిలాల వాసుదేవశాస్త్రిగారు 1870ల్లోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, 1914లో కవిత్వతత్త్వ విచారం వేసి, పింగళి సూరన కావ్యాలను కథ ఎలా నడిచింది, పాత్రలు ఎలా నిలిచాయి అని నిలదీసి మరీ పరిశీలించారు. పేరున్న కవి కదా అని తల ఊపి ఊరుకోలేదు. ఇంగ్లిష్ చదువు ఆయనకు ఇచ్చిన ధైర్యం మన పిల్లలకు కూడా రావాలని అడగడం అత్యాశ కాదు.

బోర్డు సర్క్యులర్ కోసం చూడకుండా స్కూళ్లు రేపే చేయగలిగినవి ఉన్నాయి. ఆ 20 ఇంటర్నల్ మార్కుల అసైన్‌మెంట్‌ను ఇంటికి ఇస్తే నెట్‌లోంచి దించుకొస్తారు. దాన్ని క్లాసులోనే, నాటకం చేతిలో ఉంచి, గైడు లేకుండా రాయించండి. తప్పుగా అర్థం చేసుకున్నా సరే, తను చెప్పినదానికి నాటకంలోంచి ఒక లైను ఆధారం చూపిస్తే మార్కు వేయండి. ఇంకొకటి, చదవడం ఇంగ్లిష్‌లో చదివినా, వాదించుకోవడం తెలుగులో వాదించుకోనివ్వండి. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే స్కూళ్లలో పిల్లలు తప్పు పోతుందేమోనన్న టెన్షన్‌తో అసలు ప్రశ్నే అడగరు. ఆ అమ్మాయి అడిగింది కూడా తెలుగులోనే.

ప్రిన్సిపాళ్లకు ఒక విన్నపం. ఐఐటీ ఫౌండేషన్ క్లాసు అనగానే ముందు ఇంగ్లిష్ పీరియడ్‌నే ఎత్తేస్తున్నారు. వారానికి రెండు పీరియడ్లయినా దాని జోలికి వెళ్లకుండా వదిలేయండి, అంకానికో వారం చొప్పున నాటకం మొత్తం చదివించడం మా బాధ్యత.

ఇట్లు,
ఒక ఇంగ్లిష్ టీచర్, విశాఖపట్నం