పటంలో ఆఫ్రికా ఉన్నంత మాత్రాన చైనా ఓడ అక్కడికి వెళ్లినట్టేనా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ప్రాచీన సముద్రయానాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అందులోని ఒక వాదనకు సమాధానం చెప్పవలసిన అవసరం ఉందనిపించి ఈ లేఖ రాస్తున్నాను. 1402లో కొరియాలో తయారైన ప్రపంచ పటంలో ఆఫ్రికా ఖండం దక్షిణాన కొనదేలి, సముద్రంలోకి చొచ్చుకుపోయినట్టు కనిపిస్తుంది కాబట్టి, 1488లో పోర్చుగీసు నావికుడు బార్తొలోమ్యూ డయాస్ ఆ కొనను దాటడానికి చాలాముందే చైనా ఓడలు అక్కడ తిరిగాయని వ్యాసకర్త తేల్చేశారు. ఆ పటం ఉన్నమాట నిజం. దానికి చైనాలో గీసిన పటాలే ఆధారమన్నదీ నిజం. ఓడలు వెళ్లాయన్న నిర్ణయానికి మాత్రం ఆ పటం సాక్ష్యం కాదు. ఒక చోటు గురించి తెలియడం వేరు, ఆ చోటికి వెళ్లడం వేరు.

ఆ పటంలోనే దీనికి రుజువులున్నాయి. మూలప్రతి ఇప్పుడు లేదు. తర్వాతి కాలపు నకళ్లు జపాన్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిలో నైలు నది పుట్టే కొండలకు రాసిన పేరు, అరబ్బులు 'చంద్ర పర్వతాలు' అని పిలిచే పేరునే చైనా అక్షరాల్లో పలికించినది. ఆఫ్రికా రూపం అంత చక్కగా కుదిరిన ఈ పటంలో భారత ద్వీపకల్పం ఆకారమే లేదు. చైనా వర్తకులు తరతరాలుగా కొల్లం రేవుకు వచ్చి మిరియాలు కొనుక్కుపోయిన విషయం అందరికీ తెలిసిందే. నావికుల అనుభవం నుంచే ఈ పటం పుట్టి ఉంటే, వాళ్లు కళ్లారా చూసిన తీరం మాయమై, ఎన్నడూ చూడని తీరం నిలిచి ఉండేదా?

సమాధానం మంగోలు పాలనలో దొరుకుతుంది. చైనా, పర్షియా రెండూ ఒకే వంశం చేతికి రావడంతో పండితులు, ఉద్యోగులు, గ్రంథాలు అటూ ఇటూ ప్రయాణించారు. 1267లో జమాలుద్దీన్ అనే పర్షియా ఖగోళ శాస్త్రజ్ఞుడు కుబ్లాయ్ ఖాన్‌కు సమర్పించిన పరికరాలలో కొయ్యతో చేసిన భూగోళం ఒకటుంది. అందులో ఏడు పాళ్లు నీరు ఆకుపచ్చగా, మూడు పాళ్లు నేల తెల్లగా ఉన్నాయని, దాని మీద గళ్లు గీసి ఉన్నాయని చైనానేలిన మంగోలు వంశమైన యువాన్ వంశ చరిత్రలో స్పష్టంగా రాసి ఉంది. పడమటి ఖండాల రూపురేఖలు చైనా పటకారుల దగ్గరికి వచ్చింది ఈ పండితుల దారిలోనే.

నిజానికి దూరదేశాల సంగతులు ఇతరుల నోట విని తెలుసుకునే ఈ పద్ధతి అంతకు వెయ్యేళ్లకు పైగా ముందునుంచే ఉంది. రోమన్ సామ్రాజ్యానికి దారి కనుక్కొని రమ్మని క్రీ.శ. 97లో చైనా హాన్ వంశపు సేనాని బాన్ చావ్, గన్ యింగ్ అనే దూతను పంపాడు. అతడు పార్థియా, అంటే అప్పటి పర్షియా సామ్రాజ్యం, పడమటి అంచున సముద్రతీరం దాకా చేరాడు. గాలి అనుకూలిస్తే మూడు నెలలు, లేకపోతే రెండేళ్లు పడుతుందని, మూడేళ్ల తిండి వెంట ఉండాలని, నడిసముద్రంలో ఇంటి మీద బెంగతో ప్రాణాలు విడిచినవాళ్లూ ఉన్నారని అక్కడి నావికులు చెప్పగా విని వెనుదిరిగాడు. చైనా పట్టు వ్యాపారం తమ చేయి దాటిపోకుండా రోమన్ల దారిని పార్థియనులు అడ్డుకునేవారని హాన్ వంశ చరిత్ర మరో మాట కూడా చెబుతుంది. చెప్పినవాడి స్వార్థాన్ని కూడా గమనించి రాసిపెట్టిన ఆ చరిత్రకారులంటే నాకు అపారమైన గౌరవం.

751లో మధ్య ఆసియాలో జరిగిన తలాస్ యుద్ధంలో అరబ్బులకు బందీగా చిక్కిన చైనీయుడు దూ హువాన్ సంగతి వేరు, అతడు కళ్లారా చూసి రాశాడు. ఇరాక్‌లోని కూఫాలో తనవంటి చైనా నేతగాళ్లను, చిత్రకారులను చూశానని రాసి, 762లో వర్తకుల ఓడలో గ్వాంగ్‌జౌకు తిరిగివచ్చాడు. అతని పుస్తకం పోయింది. బంధువు దూ యౌ తన గ్రంథంలో ఉటంకించిన భాగాలే మిగిలాయి.

వ్యాసకర్త ప్రస్తావించనివారిలో అందరికంటే ముఖ్యుడు ఝావ్ రుగువా. చైనాలోని చ్వాన్‌జౌ రేవులో విదేశీ వర్తకానికి సుంకాధికారిగా ఉండి, 1225లో ఆయన పరదేశాల వివరాలతో ఒక గ్రంథం రాశాడు. పాత పుస్తకాలనుంచి కొంత ఎత్తి రాసుకున్నాడు, మిగిలినది రేవుకు వచ్చిన విదేశీ వర్తకులను అడిగి తెలుసుకున్నాడు. సాంబ్రాణి, అంబరు ఏ దేశాల సరుకో తెలియడం ఆయన ఉద్యోగానికి అవసరం కాబట్టి, గ్రంథంలో ఒక భాగమంతా సరుకులకే కేటాయించాడు. సిసిలీ ద్వీపంలో ఒక కొండ బిలం నుంచి ఉదయం పొగ, సాయంత్రం మంట కనిపిస్తాయని రాశాడు. అది ఎట్నా అగ్నిపర్వతం. అలెగ్జాండ్రియా దీపస్తంభం గురించి చెబుతూ, దాని ఎత్తు రెండు వందల ఝాంగ్‌లని, అంటే సుమారు ఆరు వందల మీటర్లని, శిఖరాన ఉన్న పెద్ద అద్దంలో శత్రువుల యుద్ధనౌకలు ముందే కనిపించేవని, ఎవరో పరదేశి కొన్నేళ్లపాటు స్తంభం కింద ఊడ్చే పనిలో కుదిరి, అదను చూసి ఆ అద్దాన్ని దొంగిలించి సముద్రంలో పడేశాడని వివరించాడు. అసలు స్తంభం ఎత్తు వంద మీటర్ల ప్రాంతం. అద్దం కథ అరబ్ గ్రంథాల్లో ముందునుంచీ ఉన్నదే. అంటే ఈజిప్టు గాథ వర్తకుల నోట సముద్రాలు దాటి, ఒక సుంకాధికారి కలానికి చేరిందన్నమాట. ఎత్తు ఆరింతలైంది కదా అని ఆ కథనాన్ని కొట్టిపారేయకూడదు. స్తంభం ఉంది, సముద్రపుటొడ్డునే ఉంది, ఓడలకు దారి చూపింది.

చైనా నౌకాదళాధిపతి ఝెంగ్ హె నౌకాయాత్రల ఘనతను నేను తగ్గించడం లేదు. 1405 నుంచి 1433 దాకా ఏడుసార్లు సాగిన ఆ యాత్రలు హోర్ముజ్, ఏడెన్, తూర్పు ఆఫ్రికాలోని మొగదిషు, మలిందీ వరకు వెళ్లాయి. వాటిలో పాల్గొన్న దుబాసీ మా హువాన్ రాసిన వర్ణనలు చదివితే, కళ్లారా చూసినవాడి రాతకూ విని రాసినవాడి రాతకూ తేడా వెంటనే తెలుస్తుంది. హోర్ముజ్‌లో ఒక ఆటగాడు సన్నని కర్ర కొనకు మేకను ఎక్కించి, దాని నాలుగు గిట్టలకు మాత్రమే చోటున్న ఆ కొన మీద నిలబెట్టిన ఆటను అతడు పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆఫ్రికా దక్షిణాగ్రం గురించి అటువంటి ప్రత్యక్ష వర్ణన ఒక్కటి కూడా ఆ యాత్రల రచనల్లో లేదు. పైగా పటం పుట్టింది 1402లో, మొదటి యాత్ర బయలుదేరింది 1405లో. యాత్రల ఫలితం యాత్రలకంటే ముందు ఎలా పుడుతుంది?

చైనా ఓడలు వెళ్లాయని రాసేస్తే పోయేది తేదీ ఒక్కటే కాదు. ఆ జ్ఞానాన్ని మోసుకొచ్చిన అరబ్, పర్షియా నావికులూ పండితులూ చరిత్రలోంచి తుడిచిపెట్టుకుపోతారు, వారిని అడిగి ఓపిగ్గా రాసుకున్న ఝావ్ రుగువా వంటివారి శ్రమా కనుమరుగవుతుంది. అది నన్ను నిజంగా బాధించింది. కనుక రాబోయే సంచికలో ఆ వాక్యానికి సవరణ వేయవలసిందిగా, అందులో 1267 నాటి భూగోళాన్నీ జమాలుద్దీన్ పేరునూ తప్పక చేర్చవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక చరిత్ర పాఠకుడు