ఈ ఏటి నివేదిక, వెళ్ళని టూరు లెక్కతో సహా

బెంగళూరులోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. ఉగాది బాగా జరిగింది, పచ్చడి మాత్రం పన్నెండింటికే అయిపోయింది. బతుకమ్మకి పూలన్నీ బెళ్ళందూరు వాళ్ళే తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్‌కి వెళ్ళి తెచ్చారు. రక్తదాన శిబిరం ఎప్పటిలాగే. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు. ఇక అందరూ ఫోన్ చేసి మరీ అడుగుతున్నది ఒక్కటే, టూరు ఏమైందని. మిగతా నివేదికంతా దాని గురించే.

మనలో భద్రాచలం వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు, ఇంట్లో గోడకి వెదురు విల్లు వేలాడుతుంటుంది, ఎక్కడికైనా వెళ్తే విలువిద్య ఉండాలన్నది ఆయన పట్టు. వైట్‌ఫీల్డ్ కుర్రాళ్ళు ఫ్లై ఫిషింగ్ అన్నారు, అంటే బొమ్మ ఈగని ఎరగా వేసి చేపలు పట్టడం. మహిళా విభాగం వాళ్ళు అవేవీ కాదు, ఏనుగుల్ని చూపించండి అన్నారు. మూడూ ఒకే దారిలో కలిపేద్దాం అన్నది నేనే.

మొదట కావేరి ఒడ్డు అనుకున్నాం, భీమేశ్వరి వైపు. ఒకప్పుడు మహసీర్ చేపకి గాలం వేయడానికి పేరున్న చోటు. ఒక మధ్యవర్తి "అంతా నేను చూసుకుంటా సార్" అంటే అడ్వాన్స్ కట్టేశాం. తర్వాత తెలిసింది, అది కావేరి వన్యప్రాణి అభయారణ్యం, అక్కడ గాలం వేయడమే కుదరదు. పైగా కావేరిలో ఉండే మూపురం మహసీర్ రకం అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో 2018 నుంచి ఉంది. అడ్వాన్సులో సగమే వెనక్కి వచ్చింది, ఆ మిగతా సగం నా ఖాతాలో రాయమని కోశాధికారి గారికి చెప్పాను.

అసలు చిక్కు ఆ తర్వాత బయటపడింది. మన సభ్యుల్లో ఒక వకీలు గారు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తెరిచి చూపించారు. అందులో "ఆయుధం" అన్న మాటకి ఇచ్చిన అర్థంలో తుపాకీతో పాటు విల్లంబులూ ఉన్నాయి, గాలాలూ ఉన్నాయి! రాతపూర్వక అనుమతి లేకుండా వాటితో అభయారణ్యంలో అడుగు పెట్టకూడదు. అంటే మన మూడు సరదాల్లో మూడోదాని కోసం వెళ్ళే చోటికి మొదటి రెండూ వెంట తీసుకెళ్ళలేం. విల్లూ గాలాలూ డిక్కీలో పడుకోబెట్టి దారిలోని బందీపూర్ అడవి దాటేద్దాం అన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ పేర్లు రాయను.

అందుకే ఈ ఏడాది వెళ్ళలేదు. ఖాళీగా కూర్చోలేదు మాత్రం. నాలుగు ఆదివారాలు అపార్ట్‌మెంట్ గ్రౌండ్‌లో గాలం విసరడం నేర్చుకున్నాం. మామూలు గాలంలో ఎర బరువుకి దారం వెళ్తుంది, ఫ్లై ఫిషింగ్‌లో ఎర ఈకలూ దారంతో కట్టిన బొమ్మ ఈగ, దానికి బరువే ఉండదు, కాబట్టి దారం బరువుతోనే విసరాలి. వెనక్కి విసిరాక దారం పూర్తిగా సాగేదాకా ఒక క్షణం ఆగాలి, అది పట్టుబడటానికే రెండు వారాలు పట్టింది. కొక్కెం బదులు ఊలు ముక్క కట్టుకున్నాం, చెవులు మిగిలాయి. నీళ్ళు లేని చోట చేపలు పడుతున్నారేంటని వాచ్‌మన్ ప్రతిసారీ అడిగేవాడు.

ఇప్పుడు ఖాయం చేసిన దారి ఇది. నవంబరులో నాలుగు రోజులు, దసరా రద్దీ అయ్యాక. తెల్లవారకముందే బయల్దేరి మైసూరు, గుండ్లుపేట మీదుగా వయనాడ్. బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, 2009 నుంచీ అంతే, కాబట్టి పొద్దున్నే అయినా తిరుగు ప్రయాణంలో అయినా గేటు టైము గుర్తుంచుకోండి. వయనాడ్‌లో అక్కడి గిరిజనులు కురిచ్యుల విలువిద్య చూస్తాం, వీలైతే వాళ్ళ విల్లే పట్టుకుంటాం. 1802లో పనమరంలో ఈస్టిండియా కంపెనీ సైన్యం మీద పడ్డ తలక్కల్ చందు వాళ్ళవాడే. వాళ్ళ విల్లుకి కప్పీలూ గురిచూసే కటకాలూ ఉండవు, మన ఆర్చర్ జ్యోతి సురేఖ విల్లు లాంటిది దొరుకుతుందనుకున్న పిల్లలు ముందే నిరాశ పడండి. మర్నాడు పొద్దున వయనాడ్‌లోనే ముత్తంగ అడవిలో జీపు సఫారీ. ఏనుగు కనబడకపోతే నన్ను అనొద్దు.

అక్కణ్ణుంచి గూడలూరు మీదుగా ఊటీ, దాని దగ్గరి అవలాంచి. అక్కడ గాలం వేసేది ట్రౌట్‌కి, అది చల్లటి నీళ్ళ చేప, బ్రిటిష్ వాళ్ళు తెచ్చింది, అక్కడి చేపపిల్లల పెంపకం కేంద్రం 1907 నాటిది. అనుమతి, సామాను రెండూ అక్కడ దొరికితేనే గాలం, లేకపోతే చూసి వచ్చేస్తాం. పట్టినా చేతులు తడిపి పట్టుకుని, వెంటనే నీళ్ళలో వదిలేయాలి, పులుసు ఆశలు పెట్టుకోకండి. నీలగిరికి బండికి ఈ-పాస్ తప్పనిసరి, డ్రైవర్లు ముందే తీసుకోండి. ప్లాస్టిక్ సీసాలు వద్దు.

వచ్చేవాళ్ళు దసరా లోపు కోశాధికారి గారికి పేరివ్వండి. విల్లు, గాలం, ఎవరూ తేవద్దు. పెద్దాయనకి నేను విడిగా వెళ్ళి చెప్తాను.

మీ కార్యదర్శి