అరసవల్లి కిరణాల వెనుక కారణమూ పిల్లలకు తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ అరసవల్లి సూర్యనారాయణస్వామి మూలవిరాట్టు పాదాలను ఉదయకిరణాలు తాకడం, ఆ వార్త పత్రికల్లో ఫొటోతో సహా రావడం మన శ్రీకాకుళం జిల్లావాసులందరికీ తెలిసినదే. సరిగ్గా ఆ రోజుల్లోనే కిరణాలు ఎందుకు చేరుతాయో కూడా ఆ ఫొటో కిందే నాలుగు వాక్యాల్లో ప్రచురించాలని కోరుతున్నాను.

సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని ఒకటో తరగతి నుంచీ బోధిస్తున్నాం గాని, సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో వచ్చే విషువత్తుల (పగలు, రాత్రి దాదాపు సమానంగా ఉండే రోజుల) నాడే. భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం వల్ల, మన ప్రాంతంలో సూర్యుడు ఉదయించే చోటు జూన్ 21 నాటికి తూర్పు నుంచి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి, డిసెంబరు 22 నాటికి అంతే దక్షిణానికి జరుగుతుంది. కళింగపట్నం తీరాన నిలబడి నెలకొకసారి గమనించిన విద్యార్థికి ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. అలా వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి సూర్యుడు అదే చోట ఉదయిస్తాడు కాబట్టే, తూర్పుకు సుమారు 4 డిగ్రీలు దక్షిణంగా, కిరణాలు మూలవిరాట్టును చేరే ఆ దిశ అక్టోబరులోనూ మార్చిలోనూ కలుస్తుంది. విషువత్తుల సమీపంలో ఈ జరుగుడు రోజుకు 0.4 డిగ్రీ, అంటే దాదాపు సూర్యబింబమంత వెడల్పు ఉంటుంది. ఆ వేగం వల్లే కిరణదర్శనం రెండు మూడు రోజులకు మించదు. కారణం తెలిసినంత మాత్రాన భక్తి తగ్గదు. ఇంత కచ్చితంగా ఆలయాన్ని నిలిపిన శిల్పుల మీద గౌరవం పెరుగుతుంది.

వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరవుతుందని నమ్మే విద్యార్థులు నేటికీ చాలామంది ఉన్నారు. నిజానికి భూమి సూర్యుడికి అత్యంత సమీపంగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదటి వారంలో, మనం భోగిమంటలకు కట్టెలు పోగుచేసే రోజుల్లోనే. రుతువులకు కారణం దూరం కాదు, అక్షం వాలు.

సూర్యుడి నీడతో మరో పాఠాన్ని బడి ఆవరణలోనే చూపవచ్చు. విషువత్తు నాటి మధ్యాహ్నం, నీడ అతి పొట్టిగా ఉన్న క్షణంలో, శ్రీకాకుళంలో నిటారుగా నిలిపిన మీటరు కర్ర నీడ 33 సెంటీమీటర్లు ఉంటుంది. ఇచ్ఛాపురంలో దాదాపు 34.7 సెంటీమీటర్లు. ఈ చిన్న తేడాలో భూగోళం చుట్టుకొలత దాగి ఉంది. నీడల నుంచి లెక్కగట్టిన కోణాల తేడా 0.8 డిగ్రీ, రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణాల దూరం సుమారు 90 కిలోమీటర్లు, 360 డిగ్రీలకు లెక్కిస్తే 40,000 కిలోమీటర్ల చేరువకు వస్తుంది. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట గ్రీకు పండితుడు ఎరటోస్థనీస్ ఈజిప్టులో అనుసరించిన పద్ధతి ఇదే. మీటరు కర్రతో కొలతలో ఒక్క మిల్లీమీటరు పొరబడినా జవాబు వేల కిలోమీటర్లు మారుతుంది గనుక, జెండా కొయ్య వంటి పొడవైన స్తంభాన్ని వాడటం మేలు.

నడినెత్తిన సూర్యుడు నిలిచి నీడ మాయమయ్యే రోజు మనకు మే 13 ప్రాంతంలో ఒకసారి వస్తుంది గాని అప్పుడు బడులకు సెలవులు. జులై నెలాఖరులో రెండోసారి వచ్చేటప్పటికి మబ్బులు అడ్డుతగలవచ్చు. విషువత్తులకు ఆ ఇబ్బంది తక్కువ. కాబట్టి సెప్టెంబరు 23కు వారం ముందే, జిల్లాలోని ఒక్కొక్క పట్టణంలో నీడ అతి పొట్టిగా ఉండే సమయాన్ని మీ పత్రిక ప్రచురిస్తే, రెండు ఊళ్ల ఉపాధ్యాయులు ఫోనులో మాట్లాడుకుని పిల్లల చేత ఒకేరోజు కొలిపించగలుగుతారు.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం